కొత్త సర్వర్‌కి వేసిన కళ్లెం

రత్నబాబంత మెత్తని మనిషిని నేను చూడలేదు. మెచ్చుకోలుగా అనడం లేదు, ఒళ్లు మండి అంటున్నాను. ఆగిరిపల్లి దగ్గర మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సర్వర్ గది ఆయనది. గది గుమ్మం పక్కనే నా బల్ల. ఎవరేం చెప్పినా "అలాగేనండి" అనేవాడు. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది, అంతవరకూ ఉద్యోగం నిలబడితే చాలనేవాడు.

ఆ గదిలో పాత సర్వర్లు రెండు. గుజ్జు తీసే లైన్‌ను నడిపే ప్రోగ్రాములన్నీ వాటిమీదే. ఈ వేసవికి మూడోది వచ్చింది. దాని ప్రాసెసర్ పాతవాటికంటే ఎనిమిదేళ్లు చిన్నది. రత్నబాబు దానికి కళ్లెం వేశాడు. పాతవాటికి రాని విద్యలేవీ వాడకుండా కట్టేశాడు.

"మా నాన్న తోటల్లో గంపలు మోసేవాడు పద్మగారూ. జట్టులో పెద్దాయన నడకకే అందరూ నడిచేవాళ్లు. అలాగైతేనే ఒకళ్ల గంప ఇంకొకళ్లు అందుకోగలరు" అన్నాడు. ఒక సర్వర్ మొరాయిస్తే, పని ఆగకుండానే ఇంకోదాని మీదికి మార్చొచ్చట.

మేనేజర్ నారాయణరావుగారు నా బల్ల ముందే నిలబడి, "కొత్తది కొని ముసలిదానిలా నడిపిస్తావేంటయ్యా? తీసెయ్ అదంతా!" అన్నారు.

"అలాగేనండి."

కుదరదని ఒక్క ముక్క చెప్పొద్దూ! ఛీ, ఏం మనిషి అనుకున్నాను. ఆ సాయంత్రమే కళ్లెం తీసేశాడు.

మే నెలలో, లారీలు గేటు బయటదాకా బారులు తీరిన రోజు, ఆ ఎండకి గదిలో ఏసీ చాలక కొత్త సర్వర్ వేడెక్కింది. నడుస్తున్న పనిని పాతవాటికి మార్చబోతే ససేమిరా అన్నాయి. కొత్తదాని విద్యలతో మొదలైన పని వాటికి చేతకాదు మరి. అన్నీ ఆపి, పాతవాటి మీద మొదట్నుంచి నడపాలి. ఆ ఏర్పాటు చేసేలోపే కొత్తది చచ్చూరుకుంది. లైన్ ఆగింది. ఉడుకుతున్న గుజ్జంతా పారబోశారు.

మర్నాడు ఓనరుగారు మా ముగ్గుర్నీ పిలిచారు. "తనంతట తనే మార్చాడండీ" అన్నారు నారాయణరావుగారు.

"పద్మా, నువ్వక్కడే ఉంటావుగా. మేనేజరుగారు మార్చమనడం విన్నావా?"

రత్నబాబు నావైపు చూశాడు. నారాయణరావుగారూ చూశారు. ఏటా సీజన్ అయ్యాక నన్ను ఉంచాలో వద్దో చెప్పేది ఆయనే.

"లేదండి" అన్నాను.

రత్నబాబుని ఆ పూటే పొమ్మన్నారు. టిఫిన్ క్యారియర్ పట్టుకుని నా బల్ల దగ్గర ఆగాడు. తిట్టినా బాగుండేది.

"పాతవి రెండూ బానే నడుస్తున్నాయి. ఏసీ మాత్రం ఆపనివ్వకండి పద్మగారూ."

తలెత్తలేకపోయాను.

"అలాగేనండి" అన్నాను.