ఏడో నంబరు గాజుపట్టీ

వరహాలమ్మకి విరిగిన వస్తువు కంటబడితే చెయ్యి ఊరుకునేది కాదు. చెప్పు తెగితే తనే కుట్టుకునేది. బకెట్టుకి చిల్లు పడితే తారు కాచి పూసేది. పెందుర్తి అవతల క్వారీలో అందరూ ఆమెని 'అతుకుల వరహాలమ్మ' అని ఆటపట్టిస్తే మురిసిపోయేది కూడా. ఆ మంచి గుణమే ఒకనాడు కొంప ముంచుతుందని ఎవరనుకుంటారు?

ఇది తొంభై ఎనిమిదో సంవత్సరం మాట. ఆ కొండ రాయి పోర్టులో సముద్రపు గోడకి వెళ్ళేది. ఆమె భర్త పైడయ్య ఇరవయ్యేళ్ళుగా అక్కడ బండకి బెజ్జాలు తొలిచే మిషను పట్టేవాడు. ఆమె కూలీలకి మంచినీళ్ళు మోసేది. పైడయ్య పనిలో మొనగాడే గాని చేతిదుడుకు. మేస్త్రీ అర్జునరావు ఫ్లాస్కు ఒకసారి, మిషను గొట్టం ఒకసారి పగలగొట్టాడు. మూడోసారి ఏదైనా పగిలిందంటే ఇంటికి పంపేస్తానని మేస్త్రీ అందరి ముందూ అన్నాడు.

ఆ వేసవిలోనే త్రినాథరావు అనే పరిశోధకుడు సీతమ్మధార నుంచి స్కూటర్ మీద రావడం మొదలుపెట్టాడు. బండలు విరిగిపడే ముందు ఏ గుర్తు కనిపిస్తుందో తేల్చి, క్వారీ ప్రమాదాలు తగ్గించాలని ఆయన ప్రయత్నం. కొండలోని నెర్రెల మీద అడ్డంగా జానెడు గాజుపట్టీలు పెట్టి, నీళ్ళు కలిపితే రాయిలా బిగిసే తెల్లపిండితో రెండు కొసలా అతికించాడు. నెర్రె వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. పగిలితే ఆ కింద మనిషి ఉండకూడదు. అంత సులువైన ఉపాయం. పట్టీల మీద ఎర్రగా నంబర్లు వేసి, సంగతంతా మేస్త్రీకి చెప్పి, పదిమందికీ చెప్పమన్నాడు. మంగళవారం మంగళవారం తనే వచ్చి చూసి పుస్తకంలో రాసుకునేవాడు.

మేస్త్రీ పదిమందికీ చెప్పాడు. ఏం చెప్పాడో వినండి.

"ఇవి ఆఫీసరు గారి అద్దాలు. ఎవడైనా ముట్టుకుని పగలగొట్టాడో, తోలు తీసేత్తాను. పన్లోంచి గెంటేత్తాను."

అంతే. పగిలితే చెప్పాలన్న ముక్క ఆయన గొంతు దాటలేదు. అందులో కుట్రేమీ లేదు. అద్దం పగలకూడదన్నదే ఆయన బుర్రకెక్కింది. నాకైతే మేస్త్రీ కన్నా త్రినాథరావు మీదే కోపం. ఎవరి ప్రాణం కోసం వచ్చాడో వాళ్ళతో ఒక్కసారి మాట్లాడితే నోరు అరిగిపోతుందా?

ఒక సోమవారం సాయంత్రం పని దిగాక కుండలు కడగడానికి వెళ్ళిన వరహాలమ్మ ఏడో పట్టీ దగ్గర ఆగిపోయింది. గాజు రెండు ముక్కలై ఉంది. సరిగ్గా దాని కిందే పైడయ్య రోజూ క్యారేజీ పెట్టుకునేది. ఈ మనిషే తగిలించేసి ఉంటాడు, ఇంక పని ఊడినట్టే అనుకుంది.

అతుకుల వరహాలమ్మ కదా, ఊరుకుంటుందా? పెందుర్తిలో దేవుడి పటాలు కట్టే కొట్టుకి పరిగెత్తి అంతే గాజు కోయించుకొచ్చింది. షెడ్డులో మిగిలిన తెల్లపిండిని అట్లపిండిలా కలిపి చీకటి పడకముందే అతికించింది. చదువు రాకపోయినా పాత ముక్క చూసి గోళ్ళరంగుతో ఏడు వేసింది. ముగ్గులు పెట్టిన చెయ్యి, అచ్చం అలాగే వచ్చింది.

ఇంటికొచ్చాక పైడయ్య అడిగాడు. "ఏటే, సేతులకి ఆ సున్నమేటి?"

"ఏటీ నేదు. గోడకి రాసినాను," అంది. వండిన చేప కూర వడ్డించింది.

మర్నాడు పొద్దున త్రినాథరావు వచ్చాడు. పట్టీలన్నీ బాగున్నాయని రాసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి ఏడో నంబరు పైన కొండ విరిగి పడింది. కింద పైడయ్య ఒక్కడే ఉన్నాడు. బయటికి తీసేసరికి సాయంత్రమైంది.

నాలుగో రోజున త్రినాథరావు పుస్తకం పట్టుకుని వరహాలమ్మ గుడిసెకి వచ్చాడు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఆ పొద్దున్నే చూశానమ్మా, ఏదీ పగల్లేదు. నా పద్ధతే తప్పు. దీన్ని నమ్మి ఇంకెవరూ చావకూడదు. అన్ని క్వారీల్లోనూ పట్టీలు పీకించేస్తాను."

వరహాలమ్మ తలెత్తింది. "పగిలితే ఏటి సేసేవోరు బాబూ?"

"అందర్నీ ఆ క్షణమే ఆ కిందనుంచి పంపేసేవాణ్ణి."

అప్పుడు తెలిసింది ఆమెకి, ఆ గాజు ఎందుకు పెట్టారో. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. అత్తవారు ఏమీ అనరు. కానీ పట్టీలు పోతాయి, ఇంకో కొండ కింద ఇంకో పైడయ్య ఉంటాడు.

"పీకించకండి బాబూ. అది పగిలింది. నానే అతికించినాను."

త్రినాథరావు పుస్తకం మూసేశాడు. "మీకెవరూ చెప్పలేదా?"

"పగలకూడదని సెప్పినారు," అంది. అప్పుడు ఏడ్చింది చూడండి, ఆ ఏడుపు విన్నవాళ్ళు ఈనాటికీ మర్చిపోలేదు.

ఆ తరవాత త్రినాథరావు కూలీలనే కూర్చోబెట్టి చెప్పడం నేర్చుకున్నాడు. చుట్టుపక్కల క్వారీలన్నిటా పట్టీలు కాచే పనికి వరహాలమ్మనే పెట్టించాడు. మొగుణ్ణి తినేసిందని అత్తవారు ఆమెని దుమ్మెత్తిపోశారు. ఇంట్లో మాత్రం మళ్ళీ ఏదీ అతికించలేదు. పగిలిన కుండ పగిలినట్టే ఉండేది.

రెండువేల నాలుగు వానాకాలంలో పక్క క్వారీలో మూడో పట్టీ పగిలింది. వరహాలమ్మ ఇనప రేకు దబదబా బాది అందర్నీ ఆ కిందనుంచి పంపేసింది. కొండ చెక్కుచెదరలేదని అక్కడి మేస్త్రీ సాయంత్రం దాకా తిట్టాడు. మర్నాడు తెల్లారేసరికి ఆ పక్కంతా కూలి ఉంది. కింద ఒక్క మనిషి లేడు. ఆ కిందే మిషను పట్టేవాడి పెళ్ళాం చిలకమ్మ పరిగెత్తుకొచ్చి ఆమె కాళ్ళ మీద పడింది.

"మా ఇంటాయన్ని బతికించినావు అప్పా!"

"నాను సేసిందేటి నేదమ్మా. పగిలింది, సెప్పినాను," అంటూ ఆమెని లేవదీసి, తను చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆనాడు గాజు అతికించినందుకే ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. దానికి కాదు. తెలియక చేసిన పని అని ఆమె మనసు ఎప్పుడో కొంత సర్దుకుంది. సర్దుకోనిది ఇంకొకటుంది. సున్నం చేతులు చూసి పైడయ్య అడిగిన ఆ సాయంత్రం, ఏడో అద్దం నువ్వు పగలగొట్టావా అని ఆమె ఒక్క మాట అడిగి ఉంటే, లేదనేవాడు. ఇరవయ్యేళ్ళు ఆ కొండని తొలిచిన మనిషి, మరి అదెలా పగిలిందని లాంతరు పట్టుకుని వెళ్ళి, నెర్రె విచ్చుకోవడం చూసి వచ్చేవాడు. మర్నాడు ఆ కిందికి వెళ్ళేవాడు కాదు.