మంచు తుఫానులో ఆరు పిస్టళ్లు

మేము ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఉత్తర మిషిగన్. మైనస్ పధ్నాలుగు డిగ్రీలు. రెండు రోజులు వాన కురిసి, పడింది పడ్డట్టే గడ్డకట్టింది. కరెంటు తీగలు తెగి రోడ్డు మీద పడి ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా ఏదో ఒక కొమ్మ తుపాకి పేలినట్టు విరిగేది. మా సార్జెంట్ ఇరాక్ యుద్ధంలో రెండు విడతలు పనిచేసి వచ్చినవాడు. ప్రతి కొమ్మకీ ఉలిక్కిపడి చూసేవాడు.

మిలిటరీ అనగానే మన పార్టీల్లో అంకుల్స్ అడిగేది ఒక్కటే, ఎంతమందిని కాల్చావని. ఎవర్నీ కాల్చలేదు మహాప్రభో. నేను వారాంతపు సైనికుణ్ణి. మామూలు రోజుల్లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో కారు విడిభాగాలు కొలిచే ఉద్యోగం. నెలకోసారి యూనిఫాం. యూనిట్లో నా పని తుపాకులు రిపేరు చేయడం. గవర్నర్ పిలిస్తే ఎక్కడికైనా పోవాలి. ఆ చలికాలం పిలిచారు.

ఆర్డర్ చిన్నది. ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టాలి. చలికి తట్టుకోలేనివాళ్లను స్కూల్లో పెట్టిన షెల్టర్‌కి చేర్చాలి. మేం నలుగురం: సార్జెంట్, డ్రైవర్, నర్సింగ్ చదువుతున్న మెడిక్ అమ్మాయి, నేను. ట్రక్కులో దుప్పట్లు, ఆక్సిజన్ సీసా, గొడ్డలి, రేడియో.

సరస్సు పక్క రోడ్డులో చివరి ఇల్లు. పోస్టు డబ్బా మీద మంచు గీకితే పేరు కనబడింది: కె. రాఘవయ్య. ఆ అడవిలో రాఘవయ్య ఏమిటని నవ్వొచ్చింది. డ్రైవర్ అడిగితే మావాడేనన్నాను. సార్జెంట్ తలుపు కొట్టాడు. జవాబు లేదు. మళ్లీ కొట్టాడు.

లోపలి నుంచి చక్-టక్ అని వినిపించింది.

ఆ చప్పుడు తెలిసినవాడు నిలబడడు. పిస్టల్ పైభాగంలో స్లయిడ్ అని ఉంటుంది. దాన్ని వెనక్కి లాగి వదిలితే వచ్చే చప్పుడది. కాల్చడానికి సిద్ధమయ్యాడని అర్థం. క్షణంలో నలుగురం ట్రక్కు వెనక ఉన్నాం. మళ్లీ చక్-టక్. కొంచెం ఆగి మళ్లీ. సార్జెంట్ రేడియోలో అక్కడి పోలీసు అధికారి షెరిఫ్‌ని పిలిచాడు. చెట్లు అడ్డంగా పడ్డాయి, గంటన్నర పడుతుంది, ఎవరూ దగ్గరికి పోవద్దని జవాబొచ్చింది.

మంచులో బోర్లా పడుకుని విన్నాను. వేరే పనేముంది? వింటూంటే ఒక సంగతి తెలిసింది. ఒక్కో చప్పుడూ ఒక్కో రకంగా ఉంది. ఒకటి బరువుగా, ఇంకొకటి పలచగా, మరొకటి గడియారం మూత వేసినట్టు మెత్తగా. మా ఆయుధాగారంలో తుపాకులన్నీ ఒకేలా గలగలమంటాయి. ఒకదాని గొట్టం, ఇంకోదాని స్లయిడ్, మూడోదాని స్ప్రింగు వేసి నడిపిస్తాం. ఇవి అలాంటివి కావు. కర్మాగారంలో కలిసి పుట్టిన భాగాలు విడిపోకుండా అరిగితే వచ్చే చప్పుడు వేరు. ఒరిజినల్. లోపల ఉన్నవాడు కాల్చేవాడు కాదు, పాత పిస్టళ్లు దాచుకునేవాడు. తూటాల మ్యాగజైన్ ఎక్కించిన చప్పుడు ఒక్కసారి కూడా రాలేదు.

ఆరు పిస్టళ్లు. వరస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి, మళ్లీ మొదటినుంచి. బాగానే ఉంది. కాసేపటికి మూడోది రెండుసార్లు మోగింది. తర్వాత నాలుగుసార్లు. తర్వాత అదే, అదే. మధ్యలో ఎడం పెరుగుతోంది. అంత పద్ధతైన మనిషి వరస మర్చిపోయాడు.

అప్పుడు చూశాను. ఇంటి కిటికీలన్నీ మంచుతో తెల్లగా ఉన్నాయి. ఒక్క గది కిటికీ మాత్రం లోపల చెమటలు కారుతోంది. సార్జెంట్‌కి చెప్పాను, కరెంటు లేని ఇంట్లో ఆ ఒక్క గదే వెచ్చగా ఉందంటే కిరోసిన్ హీటర్ వెలుగుతోందని, పొగ తలకెక్కి మనిషి పోతున్నాడని.

"నిజంగా తెలుసా?" అన్నాడు.

"తెలియదు సార్జెంట్. కానీ గంటన్నర ఆగితే తప్పకుండా తెలుస్తుంది."

సార్జెంట్ ఆ కిటికీ వైపు చూశాడు. "ఒక్కడివే వెళ్లు. బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ బిగించుకో."

ట్రక్కులోంచి గొడ్డలి తీసుకుని వెళ్లాను. బయటి తలుపుకి గడియ లేదు. ఇల్లు లోపల కూడా గడ్డకట్టి ఉంది. సింకులో నీళ్లు రాయి అయిపోయాయి. ఆ గది తలుపు దగ్గర నిలబడి తెలుగులో పిలిచాను, అంకుల్, తలుపు తీయండి, మేం సాయానికి వచ్చాం అని.

చప్పుడు ఆగింది.

"మన తెలుగువాళ్లేనా?" గొంతు మెల్లగా, నిద్రలోంచి వచ్చినట్టుంది. "బూట్లు బయట విప్పి రా బాబూ. ఇక్కడికి తేమ రాకూడదు."

గొడ్డలితో రెండు దెబ్బలు వేశాను. తలుపు సందులకి లోపలినుంచి టేపు అంటించి ఉంది. తేమ రాకుండా. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఒడిలో పిస్టల్, చేతిలో పాత పంచె ముక్క. చలికి మా ముఖాలన్నీ బూడిదరంగులో ఉంటే ఆయనొక్కడూ పెళ్లికొడుకులా ఎర్రగా నిగనిగలాడుతున్నాడు. ఆ ఎరుపు మంచిది కాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో కలిస్తే వచ్చే ఎరుపు అది.

"తుడిచేకొద్దీ తడుస్తున్నాయి," అన్నాడు దిగులుగా. "హీటర్ ఇంకా పెంచాను. అయినా ఆరట్లేదు. ఎనభై ఏళ్లయింది బాబూ, ఒక్క స్క్రూ మారలేదు వీటికి. నా చేతిలో తుప్పు పడితే ఎలా?"

ఆ తడి ఎక్కడినుంచి వస్తుందో ఆయనకి తట్టలేదు. కిరోసిన్ మండితే నీటి ఆవిరి వస్తుంది. చల్లటి ఉక్కు మీద అది నీరవుతుంది. ఆరబెట్టడానికి మంట పెంచితే ఇంకా తడి, ఇంకా విషం. పాపం, రాత్రినుంచి దానితోనే పోట్లాడుతున్నాడు. ఊపిరి బిగబట్టి, చంకల కింద చేతులేసి వరండాలోకి లాక్కొచ్చాను. మెడిక్ ఆక్సిజన్ మాస్కు పెట్టింది. ఆయన దాన్ని పక్కకి తోసేశాడు.

"తలుపు వేశావా?"

తలుపు రెండు ముక్కలై నేల మీద ఉంది.

"వేశాను అంకుల్."

హైవే దగ్గర ఆగి ఉన్న అంబులెన్స్‌కి ముగ్గురూ ఆయన్ని ట్రక్కులో తీసుకెళ్లారు. తుపాకులున్న ఇంటిని వదిలి పోకూడదు కాబట్టి షెరిఫ్ వచ్చేదాకా నన్ను ఉండమన్నారు. హీటర్ ఆర్పాను. కిటికీ తెరిచాను. ఆరు పిస్టళ్లూ చూశాను. ఇంట్లో ఎక్కడా ఒక్క తూటా లేదు.

రేడియోలో మెడిక్ గొంతు వినిపించింది. "పోయాడు. వంతెన దగ్గర. చివరిదాకా ఒకే మాట అంటున్నాడు, తలుపు, తలుపు అని. దాని అర్థమేంటి?"

చెప్పాను.

నాలుగు రోజులకి కరెంటొచ్చింది. మమ్మల్ని ఇళ్లకి పంపేశారు. మా ఆవిడ వేడివేడిగా అన్నం పెట్టి, ఎలా ఉందక్కడ అంది. చలి అన్నాను.

ఆ గదిని మాత్రం వదిలించుకోలేకపోయాను. షెరిఫ్ కోసం ఒంటరిగా కాచుకున్న ఆ సమయం ఇప్పటికీ కళ్లముందే ఉంది. కిటికీ పక్కన బల్ల, దాని మీద వరసగా ఆరు పిస్టళ్లు, వాటి నల్లటి నీలం పూత మీద నీటి పొర. బయటి చలి లోపలికి వస్తోంది. కిటికీ వైపున్న మొదటిది, తడి గడ్డకట్టి, మంచుతో తెల్లబడింది. నేను గ్లవ్ తీసి, ఆయన పంచె ముక్కతో రెండోదాన్ని తుడిచాను. తుడిచిన చోటే మళ్లీ తెల్లబడింది. మూడోది, నాలుగోది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆరోది కూడా తెల్లబడేదాకా ఆ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాను.