నక్క కథలో కోయని పేజీలు

మా స్కూల్లో పిల్లల పుస్తకాల బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. పంచాయతీ ఎన్నికలకి నిలబడ్డ సూరయ్య బాబాయి పోయిన వారం వచ్చి, మనవరాలికంటూ కొత్తగా వచ్చిన నక్క బొమ్మల కథ తీసుకెళ్ళి, ఈ సాయంత్రం తెచ్చిచ్చాడు. మనవరాలు నా క్లాసులోనే ఉంది. ఆ పిల్ల ఆ పుస్తకం కంటితో కూడా చూళ్ళేదంట.

ఆ కథ నేను వేరే పుస్తకంలో ముందే చదివా. అందులో నక్క కోళ్ళకి పెద్ద అవుతుంది. మీ మంచికేనంటూ గూటికి తలుపు పెట్టించి, తాళంచెవి తన మెడలో వేసుకుంటుంది.

నిన్న మా పేటలో మీటింగు పెట్టి బాబాయి ఏం చెప్పాడో మీరంతా విన్నారు. మంచినీళ్ళ బావి చుట్టూ గోడ కట్టించి గేటు పెట్టిస్తాడంట. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుందంట. నాకు అప్పుడే అనుమానమేసింది.

ఈ సాయంత్రం పుస్తకం చేతికిచ్చినప్పుడు, "కథ ఎట్టా ఉంది బాబాయ్?" అనడిగా.

"చానా బాగుందమ్మాయ్. నక్కకి మంచి బుర్ర ఉంది."

"మరి ఆఖర్న కోళ్ళు చేసిన పని?"

"ఏంది, కోళ్ళేం చేసినయ్యి?" అని నా వంక అదోలా చూశాడు.

ఆయన పోయాక పుస్తకం తిప్పి చూశా. చివరి నాలుగు పేజీల అంచు ప్రెస్సులో కోయలేదు, కోస్తేగానీ ఆ పేజీలు తెరిచి చదవడానికి రావు. ఈయనా కోయలేదు.

ఇప్పుడే బ్లేడుతో కోశా. పుస్తకం రేపట్నుంచి స్కూలు వరండాలో బల్ల మీద ఉంటుంది, ఈ కాగితం దాని పైన గోడకి ఉంటుంది. చదువు రాని వాళ్ళకి నేను చదివి పెడతా. మీకేమనిపించిందో చెప్పండి. అయినా ఆయనకే ఓటేస్తామంటే నేనేమీ అనను. బిందెలు మాత్రం ముందే నింపి పెట్టుకోండి.