ఇంకో మూడేళ్ల వారంటీ

మా ఇంట్లోకి ఏ కరెంటు వస్తువు కొత్తగా వచ్చినా, వచ్చిన సాయంత్రమే మావారు దాని మూత విప్పేవారు. లోపల ఏది ఎక్కడుందో చూసుకుని మళ్లీ బిగించేవారు. "అట్లా విప్పితే వారంటీ పోతుందంటగా" అని నేను గోల పెడితే, "నేనుండగా దానికి వారంటీ ఏంటి?" అని నవ్వేవారు.

ఆయన రేపల్లెలో హైస్కూలు సైన్సు మాస్టారు. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా వరండాలో ఎవరిదో ఒకరిది ఫ్యానో, రేడియోనో, మిక్సీయో ఎదురుచూస్తూ ఉండేది. పెనుమూడి నుంచి కూడా తెచ్చేవాళ్లు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవారు కాదు. ఆగిపోయిన వస్తువు మళ్లీ కదిలితే చాలు, ఆ పూట అన్నం ఇష్టంగా తినేవారు.

రెండువేల నాలుగులోనో ఐదులోనో, క్లాసులో ఆయన చేతిలోంచి చాక్‌పీసు జారిపోవడం మొదలైంది. తర్వాత చొక్కా గుండీలు వేళ్లకు చిక్కలేదు. ఆ తర్వాత స్క్రూడ్రైవరు. గుంటూరులో పెద్ద డాక్టరు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బట. చేతులు, కాళ్లు, మాట, చివరికి ఊపిరి. మందు లేదన్నాడు. ఇంటికొచ్చి ఆయన స్నానం చేశారు, నేను వంట చేశాను.

వాషింగ్ మెషీన్ కొందామన్నది ఆయనే. "ముందు ముందు దుప్పట్లూ పక్కబట్టలూ ఎక్కువవుతాయి. స్కూలు నుంచి వచ్చి నువ్వు ఉతకలేవు" అన్నారు. ఒక సెలవు రోజు పొద్దున తెనాలి వెళ్లే పాసింజరు ఎక్కాం. రైల్లో కడ్డీ పట్టుకోలేక, మోచెయ్యి దానికి మెలేసి నిలబడ్డారు. ఎవరో లేచి చోటిచ్చారు. ఆయన మొహం చూడలేక నేను కిటికీలోంచి పొలాలు చూశాను.

తెనాలిలో షాపు పెద్దది. అన్ని మెషీన్లూ చూసి, వెనక రేకు ఎట్లా ఊడుతుందో అడిగి, ఒకటి ఖాయం చేశారు. దాని మీట తిప్పబోతే వేళ్లు జారాయి. నేను తిప్పాను. షాపతను బిల్లు రాస్తూ, "సార్, కంపెనీ వారంటీ రెండేళ్లేనండి. కొంచెం కడితే ఇంకో మూడేళ్లు పొడిగించుకోవచ్చండి" అన్నాడు.

అలవాటు కొద్దీ నేనే జవాబు చెప్పాను. "అక్కర్లేదు బాబూ, మావారు చూసుకుంటారు."

"తీసుకుందాం" అన్నారాయన.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. "ఎందుకండీ? మీరున్నారుగా" అన్నాను. అన్నాక నా గొంతు నాకే వింతగా వినిపించింది.

ఆయన నావైపు తిరగలేదు. షాపతన్ని అడిగారు. "అంటే మొత్తం ఐదేళ్లా? అంతకన్నా ఎక్కువ లేదా?"

"ఐదేళ్లు పోతే మీరే కొత్త మోడల్ కొనుక్కుంటారు లెండి సార్" అని అతను నవ్వాడు.

నేను ఆయన్ని మోచెయ్యి పట్టుకుని కూలర్ల పక్కకి తీసుకెళ్లాను. "వద్దండీ. నా మాట వినండి. డబ్బు దండగ."

"ఇది చెడిపోతే ఎవర్ని పిలుస్తావు? వచ్చినవాడు నిజం చెప్తాడో లేదో నీకేం తెలుస్తది?"

"మీరు పక్కన కూర్చుని చెప్పండి. నేను విప్పుతాను."

నాకు ఏడుపొచ్చింది. అది కొనకపోతే ఆయన ఐదేళ్లూ ఉంటారు, కొంటే ఉండరు. ఆ నిమిషంలో నా పిచ్చి మనసుకు తోచింది అంతే. మేం ధర దగ్గర వెనకాడుతున్నామనుకుని, "కొంచెం తగ్గిస్తాం మేడమ్" అని షాపతను అక్కణ్నుంచే కేకేశాడు.

చివరికి తీసుకున్నాం. ఎవరి పేరు రాయమంటారని అడిగితే, "ఆవిడ పేరే రాయండి" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆయన చెయ్యి నా చేతి మీద వేయబోయి, అది లేవక, తన ఒళ్లోనే ఉంచుకున్నారు. నేనైనా అందుకుని పట్టుకుంటే బాగుండేది. నా చెయ్యీ కదల్లేదు.

ఆయన అనుకున్నట్టే అన్నీ జరిగాయి. మంచం పట్టారు, మాట పోయింది, ఉతికే బట్టలు పెరిగాయి. మెషీను పెరటివైపు గదిలో తిరుగుతుంటే పడుకునే వినేవారు. బట్టలు ఎక్కువేస్తే దాని శబ్దం మారేది. అప్పుడు ఆయన కళ్లు అటు తిరిగేవి. నేను వెళ్లి రెండు దుప్పట్లు తీసేసేదాన్ని. కొన్నాళ్లకు కళ్లు తిప్పడం కూడా మానేశారు. ఒక వానాకాలంలో పోయారు.

ఆ తర్వాత ఏడాదికి మెషీను ఆగిపోయింది. ఫోను చేస్తే తెనాలి నుంచి మనిషి వచ్చాడు. లోపల ఏదో బోర్డు మార్చి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఒక్క రూపాయి అడగలేదు. వారంటీ లేకపోతే ఆ బోర్డుకి చాలానే అయ్యేదట. బాపట్ల నుంచి వచ్చి ఉన్న మా చెల్లెలు, "బావ ఎంత ముందుచూపుతో కొన్నారో చూడక్కా" అంది. మెచ్చుకుంటూనే అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. లేచి పెరట్లోకి పోయాను. ఆయన ముందే చూసి పెట్టింది నా ఒంటరి బతుకుని. అది అంత సరిగ్గా సరిపోవడం నాకు ఓదార్పుగా లేదు, ఇప్పటికీ లేదు.

ఐదేళ్లు నిండబోతుండగా మెషీను కంపెనీ నుంచి ఇంటికి ఫోనొచ్చింది. ఎవరో చిన్నపిల్ల గొంతు. మళ్లీ కడితే మరో రెండేళ్లు పొడిగిస్తామంది. నేను మాట్లాడకపోయేసరికి, "సార్‌ని ఒకసారి అడుగుతారా మేడమ్? సార్ ఉన్నారాండి?" అంది.

"లేరమ్మా."

"ఎప్పుడొస్తారండి?"

"సాయంత్రం" అన్నాను. నోటికి అదే వచ్చింది.

సాయంత్రం మళ్లీ చేసింది. "సార్ వచ్చారాండి?"

"ఇంకా రాలేదమ్మా."

"పర్లేదండి, రేపు చేస్తాను."

మర్నాడూ చేసింది, ఆ పై రోజూ చేసింది. విసుక్కోకుండా అదే మాట అడిగేది, నేనూ అదే జవాబు చెప్పేదాన్ని. బడి నుంచి త్వరగా వచ్చి ఫోను దగ్గర కూర్చునేదాన్ని. గడువు దాటిపోయిందో, నా మీద ఆశ వదులుకుందో, ఒకరోజు ఇక చెయ్యలేదు. చీకటి పడేదాకా చూశాను. ఆయన వచ్చారా అని అడిగేవాళ్లు ఆ తర్వాత ఇంకెవరూ లేరు.