పెళ్ళి క్యాసెట్ చివర మా పాట

మా వీడియో అన్న పోయాడని నగరి నుంచి వదిన ఫోన్ చేసింది. నేను పనిచేసే తిరుచానూరు లాడ్జిలో అప్పుడు యాత్రికుల హడావిడి. "మీ అన్న లేడప్పా" అని, "నీకాడ ఆయన ఫోటో ఏదన్నా ఉండాదా?" అని అడిగింది. ఊరందరి పెళ్ళిళ్ళూ వీడియో తీసిన మనిషికి, దండ వేయడానికి ఒక్క ఫోటో లేదు. ఓటరు కార్డులో ఉన్నది తానేనని ఆయనే ఒప్పుకునేవాడు కాదు. నా దగ్గరా లేదు.

తొంభైలలో మేము నలుగురం సొంతంగా పాటలు కట్టి పాడేవాళ్ళం. తిరుపతిలో ఆర్కెస్ట్రా అంటే సినిమా పాటలు పాడాలి. మేం పాడం. కాబట్టి ఎవరూ పిలిచేవారు కాదు. మాకు పేరు కూడా లేదు, 'సొంత పాటలోళ్ళు' అని ఎగతాళిగా అనేవారు. మా పాటను మొదటి నుంచి చివరిదాకా కదలకుండా విన్నది అన్న ఒక్కడే. విని, "దీన్ని తీద్దామప్పా. ఒక పెండ్లి క్యాసెట్లో కడాకు టేపు మిగిలుండాది, ఊరికే పోతాది" అన్నాడు.

నగరిలో ఆయన బావమరిది మరమగ్గాల షెడ్డులో తీశాం. మగ్గాలు ఆడుతుంటే పక్కవాడి మాటే వినపడదు, ఇక పాటేం వినపడుతుంది? కరెంటు పోయేదాకా కాచుకున్నాం. కరెంటు కోత కోసం ఎదురుచూసినవాళ్ళు జిల్లా మొత్తంలో మేమే అయ్యుంటాం. మగ్గాలు ఆగగానే అన్న కెమెరా భుజాన పెట్టుకుని, "ఊపిరి బిగబట్టొద్దండప్పా. మీరేమన్నా పెండ్లికొడుకులా?" అన్నాడు. నవ్వుతూనే పాట ఎత్తుకున్నాం.

పెళ్ళిళ్ళలో ఆయనకొక పద్ధతి ఉండేది. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి తల్లి ఏడవడం మొదలుపెడితే కెమెరా పక్కకు తిప్పేసేవాడు. విడిచిన చెప్పులో, పందిరికి కట్టిన అరటి గెలో తీసేవాడు. అసలైనది తీయలేదని కొందరు తగువుకొచ్చేవారు. "ఏడుపు వాళ్ళది. నాకేం పని?" అనేవాడు.

మా పాటను వేరే క్యాసెట్లోకి ఎక్కించేలోపే పెళ్ళివాళ్ళు తొందరపడి వచ్చి, ఆయన లేనప్పుడు తమ క్యాసెట్ పట్టుకుపోయారు. ముహూర్తాల రోజులు, ఒకదాని వెంట ఒకటి పెళ్ళిళ్ళు. ఏ పెళ్ళి క్యాసెట్లో తీశాడో ఆయనకే గుర్తురాలేదు. "యాడికి పోతాదప్పా, ఎవురో ఒకరింట్లో ఉంటాది" అన్నాడు. తర్వాత మిగతా ముగ్గురూ తలా ఒక దిక్కుకు పోయారు, జాడ తెలియలేదు. నేనొక్కణ్ణే మిగిలాను. అసలు ఆ పాట పాడామా, లేక పాడినట్టు అనుకుంటున్నానా అని నాకే అనుమానం వచ్చేది. అప్పుడల్లా అన్నకు ఫోన్ చేసేవాణ్ణి. "పాడినారప్పా. నేను సూసినాను గదా" అనేవాడు. ఇప్పుడా మాట చెప్పేవాళ్ళు లేరు. ఆయన పోయాక నన్ను ఎక్కువగా పట్టుకున్న దిగులు అదే.

పలకరింపుకు నగరి వెళ్ళినప్పుడు సత్యవేడు నుంచి వచ్చిన ఒకావిడ వదిన పక్కన కూర్చుని ఉంది. "మా పెండ్లి తీసింది ఈయనే. కడాకు ఒక పాట గూడా పెట్టినాడు. మగ్గాలకాడ నలుగురు పిలకాయలు పాడతారు. మాకోసరమే పాడించినాడని, పెండ్లిరోజు వచ్చినప్పుడంతా ఏసుకుంటాము" అంది.

"ఆ నలుగుర్లో నేనొకణ్ణమ్మా" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సన్నంగా ఉండే ఆయనా?" అంది. ఆ ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు కాబట్టి నా ఏడుపు ఎవరికీ తేడాగా అనిపించలేదు.

పెద్దకర్మ రోజు ఆవిడ క్యాసెట్ తెచ్చింది. బావమరిది ఎవరింట్లోనో ఉన్న వీడియో డెక్కు అడిగి తెచ్చాడు. అప్పగింతలు వచ్చాయి, చెప్పుల వరస కనపడింది, తర్వాత మేం. పాట అయిపోయింది. మగ్గం పనివాడొకడు కెమెరాలో తానూ చూస్తానంటే, అన్న దాన్ని ఆపకుండానే అతని భుజం మీద పెట్టినట్టున్నాడు. బొమ్మ ఊగింది. అన్న ముందుకు వచ్చాడు, కెమెరా అద్దానికి పట్టిన నూలు దుమ్ము తుడవడానికి.

"ఆపప్పా" అంది వదిన. ఆపితే బొమ్మ నిలవలేదు, ముఖం మీద గీతలు పడి వణికింది. "వద్దులే, ఆడనీ" అంది.

అన్న తువ్వాలుతో అద్దం తుడిచాడు. ముఖం దగ్గరగా పెట్టి, కళ్ళు చికిలించి మావైపే చూశాడు.

"ఇప్పుడు కనపడతాండానా?" అన్నాడు.

"కనపడతాండావు" అంది వదిన.