మూల మంచం పలక

నేను ఆయాగా చేసిన వరంగల్ మిషన్ దవాఖానలో పిలుపు గంటల బోర్డు బిగించిన మెకానిక్ తాత, డబ్బాలోంచి తీసిన ప్రతి సామానుకూ "ఇది లేకుంటే ఎవరికి కష్టం?" అనేవాడు.

రోగి మంచం పక్కన మీట నొక్కితే బోర్డు గంట మోగి ఆగుతుంది. బోర్డు మీద ఆ మంచం నంబరున్న పలక మాత్రం కిందికి వాలి, నర్సమ్మ వచ్చి లేపేదాకా అలాగే ఉంటుంది. మూల మంచం పలకను ఆయన తిరిగి డబ్బాలో వేశాడు. "ఆ మూలకు ఎవరు పంటరు బిడ్డా?"

"అది లేకుంటే ఎవరికి కష్టం తాతా?" అని నర్సమ్మ నవ్వింది. గొణుక్కుంటూ బిగించాడు.

మరుసటేడు కాన్పయి ఆ మంచం మీదే ఉన్నాను. రక్తస్రావమై, మీట నొక్కి స్పృహ తప్పాను. నర్సమ్మ వేరే గదిలో ఉండగా గంట మోగి ఆగిపోయిందట. తిరిగొచ్చాక వాలిన పలక చూసి నా దగ్గరికి పరుగెత్తి వచ్చింది.

ప్రభువుకు స్తోత్రం చెప్పి, బోర్డు బాగుచేయ వచ్చిన తాతకు జరిగింది చెప్పి దండం పెట్టాను. ఆయన నా చేతులు పట్టి దించేశాడు.

"నాకొద్దు బిడ్డా. నేను దాన్ని డబ్బాల ఏసిన."