నేను ఆర్పనివ్వని దీపం

కార్తీక మాసం వస్తోందంటే నాకు భయం. మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. దీపం వెలిగిస్తే అది కొండెక్కేదాకా దాని పక్కనుంచి కదలను. చూసినవాళ్లు అది భక్తి అనుకుంటారు. మావారు కూడా అలాగే అనుకుంటారు. కొన్నేళ్ల క్రితం ఖతార్‌లో నేను వెలిగించిన ఒక దీపం ఒక దీవిని కాల్చింది. ఆ నేరం ఇంకొకరి మీద పడింది. పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇలా చెప్పడం కూడా నన్ను నేను కాపాడుకోవడమే. ఊరికే నిలబడలేదు, ఒక మాట కూడా అన్నాను. ఆ మాట దాకా రావడానికి నాకు కాస్త సమయం పడుతుంది. ఓపిక పట్టండి.

నా పేరు మీకు చెప్పను. అతని పేరు కూడా అసలుది రాయడం లేదు, రాజలింగు అంటాను. పేరు లేని మనిషిని నిర్దోషి అంటే అతనికి ఒరిగేదేమిటి? మీరు అడగక్కర్లేదు, నన్ను నేనే అడుగుతున్నాను.

అప్పుడు మేం దోహాలో, అల్ తుమామాలో ఉండేవాళ్లం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్వి పోసిన రోజులు. పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికి దుమ్ము పట్టేవి. మావారు ఒక కంపెనీలో ఇంజనీరు. తెలిసిన తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ప్రతి కార్తీకంలో వనభోజనాలకు వెళ్లేవాళ్లం. ఆ ఎడారిలో వనం ఎక్కడిది? ఏదో ఒక పార్కులో, నీళ్లు పోసి పెంచిన గడ్డి మీద కూర్చుని పులిహోర తిని వచ్చేవాళ్లం. ఆ ఏడు ఎవరో ఉత్తరాన మడ చెట్ల మధ్య చిన్న దీవి ఉందన్నారు. చెక్క వంతెన ఉందట, టూరిస్టులు వెళ్తుంటారట. నేను కాకినాడ దగ్గర పుట్టినదాన్ని. మడ అడవి అనగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడికే వెళ్దామని పట్టుబట్టింది నేనే.

శుక్రవారం సెలవు రోజున మినీ బస్సు మాట్లాడుకున్నాం. డ్రైవరు రాజలింగు. జగిత్యాల వైపు మనిషి, ముఐథర్‌లో కార్మికుల క్యాంపులో ఉండేవాడు. దారి పొడుగునా ప్రపంచ కప్పు కబుర్లే చెప్పాడు. అతిథులను తిప్పే పెద్ద బస్సులకు డ్రైవర్లను తీసుకుంటున్నారట, తన పేరు కూడా వాళ్ల బస్సుల కంపెనీ ఇచ్చిందట. టీవీలో బస్సు కనిపిస్తే నాయన నడిపేదే అనుకోండని ఇంటి దగ్గర పిల్లలకు చెప్పాడట. అయితే స్టీరింగు దగ్గర్నుంచి చెయ్యి ఊపాలి మరి, లేకపోతే వాళ్లు ఎలా పోల్చుకుంటారు అని నేను ఏడిపించాను. తప్పకుండా ఊపుతానన్నాడు. బస్సంతా నవ్వింది.

నా సంచిలో మా అత్తగారు పంపిన మూడు వందల అరవై ఐదు వత్తుల కట్ట ఉంది. ఏడాదంతా దీపం పెట్టకపోయినా, కార్తీకంలో ఒకరోజు ఆ కట్టను నేతిలో నానబెట్టి వెలిగిస్తే ఆ లోటంతా తీరుతుందంటారు. నాలాంటి బద్ధకస్తురాలికి అంతకన్నా సులువైన పుణ్యం దొరకదు. పౌర్ణమి నాడు ఫ్లాట్‌లోనే వెలిగించి ఉండేదాన్ని. కానీ అంత మంట లేస్తే సీలింగుకున్న పొగ అలారం మోగుతుందని భయపడి దాచాను. చూశారా, ఇంట్లో ప్రమాదమని తెలిసినదాన్నే. చెట్ల మధ్య ఎలా వెలిగించాను?

వంతెన మొదట్లో బోర్డు ఉంది. మంట బొమ్మ, దాని మీద ఎర్ర గీత. చదవడం రాక కాదు. దీపం మంట ఎలా అవుతుంది అనుకున్నాను. అయినా ఎక్కడో తప్పు అనిపించే ఉంటుంది, లేకపోతే అందరినీ పిలిచి వెలిగించేదాన్ని. మిగతావాళ్లు వంతెన ఇవతల నీడలో చాపలు పరుస్తుంటే, మడ చెట్లు చూసొస్తానని చెప్పి, రాజలింగు చేత సంచి మోయించుకుని దీవిలోకి వెళ్లాను. నీటి అంచున మడ చెట్లు పచ్చగా ఉన్నాయి. లోపల గట్టంతా ఎండిన రెల్లు, ముళ్ల పొదలు. ఉసిరి చెట్టు ఎలాగూ ఉండదు కాబట్టి, సూపర్ మార్కెట్‌లో కొన్న ఉసిరికాయలు ఒక చెట్టు మొదట్లో పెట్టి అదే ఉసిరి అనుకున్నాను. గాలికి నిలవదేమోనని పెద్ద మట్టి ప్రమిదను ఎండు పొద చాటున పెట్టి వెలిగించాను. మంట జానెడు లేచింది. కళ్లు మూసుకుని అందరినీ చల్లగా చూడమని దండం పెట్టుకున్నాను.

రాజలింగు కూడా దండం పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, గాలి లేస్తోందని, పొద ఎండి ఉందని, ఇలా వదిలి పోవడం మంచిది కాదేమోనని అన్నాడు. నీళ్ల సీసా మూత కూడా తీశాడు. నాకు ఒళ్లు మండింది. వెలిగించిన దీపాన్ని ఎవరైనా చేతులారా ఆర్పుతారా, అదంతట అది కొండెక్కాలి గానీ, ఆమాత్రం తెలియకుండానే పెరిగావా అని కసిరాను. అతను చెంపలు వేసుకున్నాడు. సీసా మూత బిగించి, సంచి ఎత్తుకుని నా వెనకే వచ్చేశాడు.

ఇక్కడ మీరు కాస్త శ్రద్ధగా వినాలి. అతను మళ్లీ వెళ్లి దీపం ఆర్పేస్తాడేమోనని నాకు అనుమానం. అందుకని వడ్డన చేస్తున్నంతసేపూ అతని మీద ఒక కన్ను వేసే ఉంచాను. బస్సు తలుపు దగ్గర నిలబడి సిగరెట్టు కాల్చాడు. చెప్పు కింద వేసి నలిపాడు. మెట్టు మీద కూర్చుని మేం పంపిన పులిహోర తిన్నాడు. చేతులు కడుక్కున్నాడు. మళ్లీ మెట్టు మీదే కూర్చున్నాడు. పొగ లేచేదాకా అతను నా కళ్ల ముందే ఉన్నాడు. నేను కాపలా కాయవలసింది దీపాన్ని, కాసింది ఆ మనిషిని.

పిల్లలెవరో అరిస్తే తిరిగి చూశాం. పొద లేదు, మంటే ఉంది. రెల్లు పటపటమంటూ అంటుకుపోయింది. మగవాళ్లు నీళ్ల క్యాన్లు పట్టుకుని పరిగెత్తారు, అందరికన్నా ముందు రాజలింగు. ఫైరింజన్ వచ్చి ఆర్పేసరికి గట్టంతా నల్లబడింది. వంతెన సగం కాలిపోయింది. అంచున ఉన్న మడ చెట్లు ఆకులు మాడిపోయి నిలబడ్డాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నేను చాలా ఏళ్లు బతికాను. ఎవరికీ ఏమీ కాలేదట!

మంట చల్లారాక రాజలింగు నా దగ్గరికి వచ్చాడు. చేతుల నిండా మసి, కనుబొమలు కాస్త కమిలాయి. న్యూస్‌పేపర్లో చుట్టినదేదో నా చేతికిచ్చాడు. నా ప్రమిద. ఒక పక్క బీట వారింది. దేవుడిది, పదిమంది కాళ్ల కింద పడకూడదని బూడిదలోంచి ఏరి తెచ్చానన్నాడు. నేను దాన్ని సంచిలో టిఫిన్ డబ్బాల అడుగున దాచాను. అక్కడ దీపం పెట్టారనడానికి మిగిలిన గుర్తు అదొక్కటే. దాన్ని అతనే తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

కాసేపటికి ఆ దీవిని చూసుకునే గార్డులు వచ్చారు. వాళ్లలో పెద్దాయన, ఇక్కడ సిగరెట్టు తాగిందెవరని హిందీలో అడిగాడు. మావాళ్ల చూపులన్నీ ఒకే వైపు తిరిగాయి. రాజలింగు చొక్కా జేబులోంచి సిగరెట్టు పెట్టె కనిపిస్తోంది. అతను దాచలేదు. తాగాను, బస్సు దగ్గర తాగాను, దీవిలో తాగలేదు అన్నాడు. ఇతను వంతెన దాటి వెళ్లడం చూశానని మాలో ఒకాయన అన్నాడు. అదీ అబద్ధం కాదు. నా సంచి మోస్తూ నాతోనే దాటాడు, నాతోనే తిరిగొచ్చాడు. అప్పుడు రాజలింగు నా వైపు తిరిగాడు.

"అమ్మా, మీతోని తిరిగొచ్చినంక నేను బస్సు కాడనే ఉన్న గద. మీరు చూసిన్రు. జర సార్లకు చెప్పున్రి."

దీపం మాట ఎత్తలేదు. ఎత్తవచ్చు. ఎత్తితే బతికిపోయేవాడు. ఆ మాట చెప్పడం నా వంతు అనుకున్నాడో, ఆడమనిషిని పదిమందిలో బయటపెట్టడం ఎందుకనుకున్నాడో, నేను ఎలాగూ చెప్తాననే నమ్మాడో. ఆ మూడోదే నిజమని నాకు అనిపిస్తుంది. అతని మొహంలో కంగారు లేదు.

"నేను చూడలేదు," అన్నాను. "వడ్డనలో ఉన్నాను. నేను చూడలేదు."

అతను నన్ను ఒక్క క్షణం చూశాడు. "సరే అమ్మా," అన్నాడు. అంతే. గార్డుల వెంట వెళ్లిపోయాడు. మమ్మల్ని ఇంటికి చేర్చడానికి బస్సుల కంపెనీ ఇంకో డ్రైవర్‌ను పంపింది.

ఎందుకన్నాను ఆ మాట? మావారి ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. భయం ఉన్నమాట నిజమే, కానీ ఆ క్షణంలో అంత దూరం ఆలోచించానా? లేదు. కొద్ది గంటల క్రితం ఎవరిని కసిరానో ఆ మనిషి చెప్పిందే నిజమైందని, డ్రైవరు వద్దన్నా వినకుండా నేను చేసిన పనికి ఇంత జరిగిందని మా వాళ్లందరి ముందూ తేలడం నాకు నామోషీ అనిపించింది. అదే కారణం. ఇంకేదైనా పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతికానో. దొరకలేదు. ఇంత చిన్న మనిషినా నేను? అవును, ఇంతే.

కొన్నాళ్లకు అన్నం తింటూ మావారు చెప్పారు, రాజలింగు వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేశారట. పాపం మంచివాడే, ఆ సిగరెట్టు అలవాటొక్కటే అన్నారు. నేను పెరుగు వడ్డించాను. మర్నాడు ప్రమిదను తీసి మా బిల్డింగు కింద చెత్త డబ్బాలో వేశాను. కాళ్ల కింద పడకూడదని అతను ఏరి తెచ్చినదాన్ని అక్కడ వేశాను.

ఇంతటితో అయిపోతే ఒక తప్పే అనుకునేదాన్ని. ప్రపంచ కప్పుకు ముందు చలికాలంలో మా ఆడపడుచు చుట్టపు చూపుగా వచ్చింది. అప్పటికి ఆ దీవిని బాగుచేసి టూరిస్టులకు మళ్లీ తెరిచారు. మావారే తీసుకెళ్దామన్నారు. తలనొప్పి అన్నాను, వినలేదు. కొత్త వంతెన ఇంకా చెక్క వాసన వేస్తోంది. రంగు రంగుల పడవల్లో జనం తెడ్లు వేసుకుంటూ తిరుగుతున్నారు. మాడిన మొదళ్లు నల్లగా అలాగే ఉన్నాయి. వాటి పక్కనే బురదలో వేలెడంత మడ మొక్కలు, నాటినవి కొన్ని, వాటంతట అవి లేచినవి కొన్ని. లేత ఆకులు ఎండకు మెరుస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది. సంతోషమో మరేమిటో నాకే తెలియలేదు. వంతెన మొదట్లో బోర్డు మారింది. ఇప్పుడు మంట బొమ్మ పక్కన సిగరెట్టు బొమ్మ కూడా ఉంది.

గైడుగా వచ్చిన అమ్మాయి హిందీలో ఏదో చెప్పి ఆ మొదళ్లను చూపించింది. మా ఆడపడుచుకు హిందీ రాదు. ఏమంటోంది వదినా అని నన్నడిగింది. మావారు ముందు ఎక్కడో ఫొటోలు తీసుకుంటున్నారు. తెలియదని అనవచ్చు. వినపడలేదని అనవచ్చు. ఎవరో డ్రైవరు సిగరెట్టు పారేస్తే ఇదంతా కాలిపోయిందట అని తెలుగులో విడమర్చి చెప్పాను. బుద్ధిలేని మనుషులు అంది ఆమె. అవునన్నాను.

మొదటిసారి భయంలో, నామోషీలో అన్నాను. ఈసారి గార్డుల్లేరు, నిలదీసేవాళ్లు లేరు, నాకు పోయేదేమీ లేదు. అయినా నోరు దానంతట అదే పలికింది. అది నన్ను ఎక్కువగా బాధపెడుతోంది.

ఇంటికొచ్చాక మావారి ఫోన్లో అతని ఇండియా నంబరు దొరికితే ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది, అతని భార్యే అయివుంటుంది. ఖతార్ నుంచి అన్నాను. "దుబాయ్‌కెల్లా? ఆయన బాయి కాడికి పోయిండు. మళ్ల వీసా అచ్చిందా?" అంది. వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే; అతను పొలంలో బావి దగ్గరికి వెళ్లాడట. ఆమె గొంతులో ఆశ విన్నాను. పెట్టేశాను. ఆమె తిరిగి చేసింది. నేను ఎత్తలేదు.

ఆటలు మొదలయ్యాక అతిథుల బస్సులు మా వీధిలోంచే పోయేవి. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగిన బస్సులోంచి డ్రైవరు ఎవరికో చెయ్యి ఊపాడు. నేను బాల్కనీ తలుపు వేసేసి లోపలికి వచ్చాను. ఆ తర్వాత ఆటలు అయ్యేదాకా బట్టలు గదిలోనే ఆరేశాను.

ఇది చదివి మీరు నన్ను క్షమించక్కర్లేదు, అది మీ చేతుల్లో లేదు. అతనికి ఎప్పటికైనా చెప్తానా? చెప్తాననే రాయాలని ఉంది. కానీ నా సంగతి నాకు తెలుసు కాబట్టి రాయను. మా ఇంట్లోవాళ్ల కంట పడకుండా ఇది పూర్తి చేస్తున్నాను. ఆ రోజు గార్డుల ముందు చెప్పవలసిన మాటను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పైకి అనలేదు, ఖాళీ గదిలో కూడా. ఇప్పుడు తలుపు వేసుకుని, రాస్తూ పైకి అంటున్నాను.

రాజలింగు బస్సు దగ్గరే ఉన్నాడు. నేను చూశాను.